నాలుగు గంటల్లో అయ్యే పని

అది 2022 వేసవి. కాశీబుగ్గలో మా స్పేర్ పార్ట్స్ షాపు పెట్టి అప్పటికి ఆరేళ్లు. అంతకుముందు శ్రీకాకుళంలో ఒక కార్ల కంపెనీ సర్వీస్ సెంటర్లో తొమ్మిదేళ్లు బిల్లింగ్ సీట్లో కూర్చున్నాను. ఆడమనిషి స్పేర్లు అమ్మడమేమిటని, నా ఎదురుగా నిలబడి "షాపులో ఎవళూ నేరా?" అని అడిగినవాళ్లు మొదట్లో చాలామందే ఉన్నారు. "మరి నేనెవర్ని?" అనేదాన్ని. నాకు నోరు కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను.

సర్వీస్ సెంటర్లో ప్రతి పనికీ ఇన్ని గంటలని పుస్తకంలో రాసి ఉంటుంది. దాన్ని ఫ్లాట్ రేట్ అంటారు. మెకానిక్ అరగంటలో ముగించినా, పుస్తకంలో రెండు గంటలుంటే లేబర్ ఛార్జ్ రెండు గంటలకే పడుతుంది. ఆ గంటలు కంప్యూటర్లో కొట్టీ కొట్టీ, ఏ పనికి సామాను కన్నా కూలి ఎక్కువో నాకు కంఠతా వచ్చేసింది. అందుకే షాపు పెట్టినప్పుడు పక్కన రేకుల షెడ్డు కూడా వేయించాను. గోడకి పానాలు, ప్లయర్లు, జాకీ వేలాడదీశాను. నా దగ్గర సామాను కొన్నవాళ్లు ఆ షెడ్డులోనే బండి విప్పుకోవచ్చు, తెలియనిది నేను చెబుతాను. మా ఆయన దీన్ని ధర్మసత్రం అని వెక్కిరించేవాడు గాని, వచ్చినవాడు మళ్లీ మా షాపుకే వచ్చేవాడు.

అలా వచ్చినవాళ్లలో కూర్మారావు బాబాయ్ ఒకరు. అక్కుపల్లి దాటాక సముద్రం వైపు ఉన్న ఊరు. కొబ్బరితోట, కొంచెం జీడితోట. అరవైకి దగ్గర వయసు. ఆయన భార్య దమయంతి పిన్నికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మా ఉద్దానం ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో ఉన్న జబ్బే. మంగళ, గురు, శనివారాలు పలాసలో డయాలసిస్. ఆటోలో తీసుకెళితే తిరుగు ప్రయాణంలో ఆవిడకి కళ్లు తిరిగి, కుదుపులకి ప్రాణం పోయినంత పనయ్యేదట. అందుకని ఆయన ఒక పాత చిన్న కారు కొన్నాడు. పక్క సీటు వెనక్కి వాల్చి, తలకింద దిండు పెట్టి తీసుకొచ్చేవాడు.

ఒకసారి ఆ కారు సర్వీస్ సెంటర్లో ఇస్తే నాలుగు రోజులు ఉంచుకున్నారు. బిల్లులో కూలి చూసి ఆయన బాధపడ్డ మాట నిజమే. అంతకన్నా, ఆ నాలుగు రోజుల్లో రెండుసార్లు పిన్ని ఆటోలో వెళ్లాల్సి వచ్చింది. "ఇంక దీన్ని ఎవళి సేతికీ ఇవ్వను పాపా. నాకే నేర్పీ," అని మా షాపుకొచ్చాడు.

డయాలసిస్ అంటే నాలుగు గంటలు మిషను మీద పడుకోవాలి. పిన్నిని అక్కడ దించి, ఆయన సరాసరి మా షెడ్డుకి వచ్చేవాడు. ఏ సామాను అడిగినా వెంటనే ఒక్కటే ప్రశ్న. "నాలుగు గంటల్లో అయ్యే పనేనా?" బ్రేక్ ప్యాడ్లు అవుతాయి. ఫ్యాన్ బెల్టు అవుతుంది. క్లచ్ ప్లేటు కాదు. కానిదాన్ని ముక్కలు చేసేవాళ్లం. మంగళవారం సగం, గురువారం సగం. మధ్యలో బండి నడవాలి, అంతే. సబ్బుతో మోచేతుల దాకా తోముకుని, చొక్కా మార్చుకుని మళ్లీ ఆసుపత్రికి వెళ్లేవాడు. గ్రీజు వాసనకి ఆవిడకి వాంతి వచ్చినట్టుంటుందని ఆ జాగ్రత్త.

మే నెల. శనివారం పొద్దున్న ఆయన కారు పొగలు కక్కుతూ వచ్చింది. బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ పైపుకి సైకిలు ట్యూబు ముక్క చుట్టి, కొబ్బరి తాడుతో బిగించి ఉంది. రేడియేటర్ అంటే ఇంజన్ వేడిని చల్లార్చే నీళ్ల పెట్టె. అందులో కూలెంట్ అనే పచ్చని ద్రవం ఉండాలి. చల్లారాక మూత తీశాను. కూలెంట్ లేదు. మూత అంచున వేలు పెడితే జిగటగా అంటుకుంది. వాసన చూశాను. నాకు నమ్మబుద్ధి కాలేదు.

"ఇందులో ఏటి పోసావు బాబాయ్?"

ఆయన ప్లయర్ల వైపు చూస్తూ, "దార్లో పైపు పగిలిపోనాది," అన్నాడు.

"అది కాదు, పోసిందేటి?"

"బొండాలు."

తోటల మధ్య పైపు చీలిందట. డిక్కీలో ఎప్పుడూ ఉంచే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఆ రోజే ఖాళీ. కారులో ఉన్నది పిన్ని నీళ్ల సీసా ఒక్కటే, అర లీటరు. రోజు మొత్తానికి ఆవిడ అంతే తాగాలి. అది ఆయన ముట్టుకోడు. ఊరి బోరు నీళ్లు కారుకి పొయ్యడు. ఆ జబ్బు దేనివల్ల వస్తోందో ఎవరూ తేల్చి చెప్పలేదు గాని, "ఆ నీరు మనిసికే పడనేదు, దీనికి పొయ్యమంటావేటి?" అనేవాడు ఎప్పుడూ. రోడ్డు పక్క ఎవరో బొండాలు దింపుతున్నారు. ఆరు కాయలు కొట్టించి రేడియేటర్లో పోసేశాడు. టైముకి మిషను దగ్గరికి చేర్చాడు.

నేను ఊరుకోలేదు. పంచదార కలిగిన నీళ్లవి, వేడికి మాడి లోపల గొట్టాలకి అంటుకుంటాయని, ఇంజన్ పట్టేస్తే మళ్లీ ఆటోయే గతి అని, ఇన్నాళ్లూ నేర్పింది ఇందుకేనా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన తల వంచుకుని అంతా విని, "మరి నాలుగు గంటల్లో అవుద్దా?" అన్నాడు.

అవ్వదు. పైపు మార్చడం గంట పని. కాని ఫ్లషింగ్, అంటే పాత ద్రవం అంతా వదిలి, మంచినీళ్లు పోసి, ఇంజన్ తిప్పి, మళ్లీ వదిలి, తేటగా వచ్చేదాకా కడగడం పెద్ద పని. పైగా హీటర్ పైపు జాయింటు దగ్గర చెమ్మ ఉంది, డాష్ బోర్డు లోపల. ఆ వేళకి పైపు మార్చి, లోపలి కొబ్బరినీళ్లు సగం తీసి, డిస్టిల్డ్ వాటర్ నింపి పంపించాను. ఫ్లషింగ్ మంగళవారానికి పెట్టాం.

మంగళవారం వాళ్లు కొంచెం ముందే బయలుదేరినట్టున్నారు. ఆసుపత్రికి వెళ్లే ముందే షాపు దగ్గర ఆగారు, కావాల్సిన సామాను ఒకసారి చూసుకుందామని. ఆయన కౌంటర్ దగ్గరికొచ్చాడు. నేను బయటికి చూస్తే, ఆ ఎండలో కారు అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. ఇంజన్ నడుస్తోంది. లోపల పిన్ని.

"ఏసీ పని సేస్తందా?" అన్నాను.

"ఏసీ కాదు, హీటరు," అన్నాడాయన. "రెండ్రోజుల్నించి అదే. సెప్తే ఇనదు."

చలిజ్వరమేమో అని పరుగెత్తి తలుపు తీశాను. లోపల పొయ్యి దగ్గరున్నట్టు ఆవిరి కొడుతోంది. పిన్ని ముఖమంతా చెమట. గాలి వచ్చే కన్నం దగ్గరికి ముఖం వంచి కూర్చుంది.

"కూకో అమ్మీ," అంది. "తలుపెయ్. పోతాది."

డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేశాను. అప్పుడు తెలిసింది. హీటర్ జాయింటు కారుతోంది కదా, వేడెక్కిన ఆ చెమ్మ మీంచి గాలి వస్తోంది. కారంతా కొబ్బరినీళ్ల వాసన. కాచినట్టు, కొంచెం తియ్యగా.

"రెండేల్లయినాది అమ్మీ, బొండం నోట్లో ఎట్టుకుని," అంది. "పొటాసియం అంట. తాగితే గుండె ఆగిపోతాదని డాట్రు బాబు సెప్పినాడు. వాసనకేటి అవుతాది?"

ఆవిడ గొంతులో దిగులు లేదు. దొంగతనంగా జంతికలు తింటూ దొరికిపోయిన పిల్లలా ఉంది. నేను స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. ఆవిడే చెప్పింది. పెళ్లయిన కొత్తలో మధ్యాహ్నం తోటలోకి అన్నం పట్టుకెళితే, బాబాయ్ లేతకాయ ఒకటి కొట్టి ముందు తనకే ఇచ్చేవాడట. సగం తాగి ఇస్తే, "నువ్వే తాగీ, నాకు దాహం నేదు," అని అబద్ధమాడేవాడట. తర్వాత కాయ పగలగొట్టి, పైచెక్కు ముక్కతో గీకి లేతకొబ్బరి పెట్టేవాడట. ఇప్పుడు తోటలో కాయలు దింపే రోజున ఆయన తనని గదిలోంచి బయటికి రానివ్వడట, చూసి ఆశపడతానని.

"నాను సూడకపోతే మాత్రం ఆశ పోతాదేటి?" అంది.

నా చెయ్యి మీద చెయ్యి వేసింది. డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి, నరాలు ఉబ్బి ఉన్నాయి. "ఈయాలే కడిగీయాలా? గురువారం దాకా ఒగ్గీయవా?"

నేను ఏమన్నానో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "వద్దు పిన్నీ. ఇంజన్ పాడైపోతే నిన్ను ఎవరు తీసుకొస్తారు? పని వాయిదా వెయ్యకూడదు."

ఆవిడ చెయ్యి తీసేసింది. "సరే అమ్మీ. నీకు తెల్సినట్టు నాకు తెలస్తాదా," అంది.

ఆ రోజు బాబాయ్ చేసిన పని మా షెడ్డులో మళ్లీ ఎవరూ చెయ్యలేదు. హీటర్ జాయింటు మార్చాలంటే డాష్ బోర్డు దింపాలని పుస్తకం చెబుతుంది. ఆ పనికి ఎన్ని గంటల లేబర్ కొట్టేదాన్నో నాకు తెలుసు. ఆయన మొదట డాష్ బోర్డులో ఉండే అర, గ్లవ్ బాక్స్, ఊడదీసి, పిన్ని సీటులో తల కిందికి పెట్టి పడుకుని, కాళ్లు వెనక సీటు మీదికి చాపి, కనబడని చోట చేత్తో తడుముకుంటూ పాత క్లిప్పు తీసి కొత్తది బిగించాడు. కింద తొట్టిలో నీళ్లు మొదట టీ రంగులో దిగాయి. ఐదోసారికి తేటపడ్డాయి. కూలెంట్ పోశాం. ఇంకా పది నిమిషాలు మిగిలాయి. నాకు గర్వంగా అనిపించింది. ఆయన పనికీ, నేను నేర్పినదానికీ.

ఆ మధ్యాహ్నం పిన్నిని ఎక్కించుకుని, పొరపాటున జేబులో పెట్టుకెళ్లిన పానా ఇవ్వడానికి మళ్లీ వచ్చాడు. ఆవిడ సీటు వాల్చుకుని పడుకుంది. నన్ను చూసి లేచి, హీటరు వేసి, ముఖం దగ్గరగా పెట్టింది. కాసేపు అలాగే ఉంది.

"పోనాది," అంది.

తిట్టినా బాగుండేది. స్విచ్ ఆపేసి, అద్దం దించుకుని నాకేసి నవ్వింది.

ఆ తర్వాత ఏడాదిన్నర ఆ కారు ఒక్క మంగళవారం, ఒక్క గురువారం, ఒక్క శనివారం ఆగలేదు. ఆవిడ పోయింది కారు వల్ల కాదు, టైము తప్పడం వల్లా కాదు. జబ్బే తీసుకెళ్లింది. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. మంగళవారం వచ్చింది, గురువారం వచ్చింది, ఆయన రాలేదు. అప్పుడే అర్థమైంది గాని, ఫోను చెయ్యడానికి చెయ్యి రాలేదు.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం కారు షెడ్డు ముందు ఆగింది. బాబాయ్ దిగాడు, గుండు మీద జుట్టు మొలుస్తోంది. బ్రేక్ ప్యాడ్లు కావాలన్నాడు. తీసి ఇచ్చి, అలవాటు కొద్దీ, "నాలుగు గంటల్లో అయిపోద్ది బాబాయ్," అన్నాను.

"ఎంతసేపైనా పట్టనీ పాపా," అన్నాడు. "నాకేటి పని?"

రెండు గంటల పనిని పొద్దుగూకేదాకా చేశాడు. విప్పిన నట్టు తుడిచి, మళ్లీ తుడిచి పక్కన పెట్టాడు. చేతులు సబ్బుతో తోముకోలేదు. అదే చొక్కాతో డ్రైవరు సీట్లో కూర్చుని, అద్దాలెత్తి, హీటరు వేసుకుని కాసేపున్నాడు. నేను దగ్గరికి వెళ్లలేదు.

కొత్తగా బండి పని నేర్చుకుందామని వచ్చినవాళ్లకి ఇప్పటికీ అదే చెబుతాను, కారుతున్నదాన్ని వాయిదా వెయ్యకండని. కాని ఏదైనా విప్పే ముందు, అందులో కూర్చునే మనిషిని ఒక మాట అడగమని కూడా చెబుతాను. ఎందుకని ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పి దాటేస్తాను. ఇక్కడ మాత్రం నిజం రాస్తున్నాను. శనివారమే సగం తీసి డిస్టిల్డ్ వాటర్ కలిపాం. ఇంకో రెండు రోజులకి ఆ ఇంజన్ కి ఏమీ అయ్యేది కాదు. ఆ సంగతి ఆ మంగళవారం, పిన్ని నా చెయ్యి పట్టుకుని అడిగినప్పుడే నాకు తెలుసు.