‘వద్దు’ అంటే సున్నా వేసి వచ్చాను

నాకు తెలుగు వచ్చన్న పాపానికి ఈ ప్రయాణం నా నెత్తిన పడింది. వాతావరణం మారిపోతుంటే దేశంలో ఏ ప్రాంతాన్ని ఎలా కాపాడుకోవాలి, దేనికి ఎంత ఖర్చవుతుంది అని కంప్యూటరు నమూనాలో లెక్కగట్టి ప్రభుత్వ ప్రణాళికకు అందించడం హైదరాబాదులో మా ఆఫీసు పని. మదురై పక్కనున్న నల్లరేగడి ఊళ్ళకు మా నమూనా రెండు దారులు చూపించింది. చెరువు పూడిక తీసి నీళ్ళు నిలపడం ఒకటి, జనానికి డబ్బిచ్చి ఊరు ఖాళీ చేయించడం రెండోది. ఏది చవకైతే అదే ప్రణాళికలోకి వెళ్తుంది. ఎంతిస్తే కదులుతారో వాళ్ళనే అడగాలి. ఆ ఇళ్ళల్లో వందల ఏళ్ళుగా తెలుగే మాట్లాడతారు కాబట్టి, “నువ్వు వెళ్తే మనసు విప్పి చెప్తారు” అన్నారు మా సారు. నేనూ ఎగిరి గంతేశాను.

కోయంబత్తూరులో మీటింగు ముగించుకుని గాంధీపురంలో లాడ్జిలో దిగాను. పొద్దున ఆరింటికల్లా టౌన్ బస్సులో ఉక్కడం బస్టాండుకు వెళ్ళి పళని బస్సెక్కాను. పొల్లాచ్చి దాటాక కొబ్బరితోటలు, చల్లగాలి, కిటికీ పక్క సీటు. పళనిలో ఇడ్లీ తిని మదురై బస్సు మారాను. టికెట్లు రెండూ కలిపి మూడు వందల లోపే. మదురై నుంచి తిరుమంగళం చేరేసరికి ఒంటిగంట దాటింది, ఎండ పెటపెటలాడుతోంది. ఊరికి ఆటో మాట్లాడితే డ్రైవరు తమిళంలో ఐదు వందలన్నాడు. నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని, “మీరు మనోళ్ళా అక్కా? ముందే చెప్పకూడదా! మున్నూరు చాలు, ఎక్కండి” అని మూడు వందలకే ఒప్పుకున్నాడు. అబ్బ, భాష తెలిస్తే ఎంత సుఖం అని మురిసిపోయాను.

ఊళ్ళో నేను మొదట వెళ్ళిన గురువమ్మ అవ్వ ఇంట్లో మర్యాద అంతా ఇంతా కాదు. సజ్జ సంగటి తింటానంటే, “ఊరుకో కన్నూ, ఇంటికొచ్చిన చుట్టానికి సంగటి పెట్టేదా?” అని అప్పటికప్పుడు అన్నం వార్చి, అరిటాకు వేసి, ముందు నెయ్యి వడ్డించింది. పక్కిళ్ళ ఆడవాళ్ళంతా వచ్చి చుట్టూ కూర్చుని, “ఆంధ్రా మాట ఎట్లా ఉందో విందాం” అని ఒకటే నవ్వులు. కడుపు నిండా తిని చెయ్యి కడుక్కుని, టాబ్ తీసి అడిగాను.

“అవ్వా, ప్రభుత్వం ఎంతిస్తే ఈ ఊరు విడిచి పోతారు?”

“ఏమీ వద్దు కన్నూ” అంది. తక్కినవాళ్ళూ తలలూపి అదే మాటన్నారు. టాబ్‌లో జవాబు రాసే గడిలో అంకె తప్ప మరేదీ పట్టదు. వద్దంటే సున్నాయే కదా అనుకుని, అందరికీ సున్నాలు కొట్టి పంపేశాను. భుక్తాయాసంతో కళ్ళు మూతలు పడుతున్నాయి కూడా.

ఆటోలో తిరుమంగళం తిరిగొచ్చి టీ తాగుతుంటే సారు ఫోన్ చేశారు. “శభాష్! ఆ ఊరు ఖాళీ చేయించడమే చవకని తేలిపోయింది. ఊరికే వెళ్ళిపోతామంటున్నారుగా!” తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. అదే ఆటోలో వెనక్కి పరిగెత్తాను.

అవ్వ అరుగు మీదే ఉంది. “ఏం కన్నూ, ఏదన్నా మరిచిపోయినావా?”

“అవ్వా, మీరు వద్దన్నది డబ్బా, ఊరు విడిచి పోవడమా?”

“దుడ్డూ వద్దు, పోయేదీ వద్దు. మా కమ్మాయి తోడి, వానకు నాలుగు నీళ్ళు నిలిచేటట్టు చేస్తే చాలు.” కమ్మాయంటే అక్కడ చెరువు. “నువ్వేమని రాసినావు?”

చెప్పాను. “మన బిడ్డతో బేరమా అని నోరు తెరవలేదు కన్నూ. వేరే ఎవరన్నా వచ్చి అడిగి ఉంటే కోటి చెప్పి ఉందును” అంది అవ్వ. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

అక్కడి నుంచే సారుకు ఫోన్ చేసి సున్నాలు తీసేయమన్నాను. “తీసేస్తే ఆ ఊరు లెక్కలోకే రాదు, చెరువు కూడా రాదు. ఏదో ఒక అంకె చెప్పు” అన్నారాయన. చెప్పమని అవ్వను బతిమాలాను. “అన్నం పెట్టిన చేత్తో ఊరికి వెల కట్టమంటావా?” అని లోపలికి వెళ్ళిపోయింది. ఇది రాసే రోజుకు కూడా నేను సారుతో పోట్లాడుతూనే ఉన్నాను, చెరువు సంగతి ఏమీ తేలలేదు. పరాయిదాన్నై వెళ్ళుంటే కోటి చెప్పేవాళ్ళు, చెరువే చవకై వాళ్ళకు మేలు జరిగేది. నన్ను సొంతమనుకున్నందుకు వాళ్ళ ఊరు మా లెక్కలో అన్నిటికన్నా చవకైపోయింది. ఆ తెలుగు పలుకు గుర్తొస్తే ఇప్పుడు తలెత్తుకోలేకపోతున్నాను.

వెళ్ళాలనుకునేవారికి ఒక్క సలహా. తిరుమంగళం నుంచి ఆ ఊళ్ళకు బస్సులు తక్కువ, ఆటోను తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకోండి. వాళ్ళను ఏదైనా అడిగే పని మీద వెళ్తుంటే గుమ్మంలోనే, ఆకు వేయకముందే అడిగేయండి. తిన్నాక వాళ్ళు మీతో బేరమాడరు.