ఎనిమిదిని తరిమిన మధ్యాహ్నం

ఇనుపరాయి లారీలు ఎడతెరిపి లేకుండా తిరిగి, పొద్దున తెల్లచొక్కాతో బయల్దేరినవాణ్ణి సాయంత్రానికి ఎర్రచొక్కాతో ఇంటికి పంపించిన ఆ రోజుల్లో, బళ్లారి కంటోన్మెంట్‌లో ఒక టైపింగ్ సెంటర్లో నేను పనిచేసేవాణ్ణి. పెద్ద చదువులు చదివినవాణ్ణని అనుకోవద్దు. బండ్రి అనే పల్లెలో గొర్రెలు కాసి, పెళ్లయిన తర్వాత రాత్రిబడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. ఆలస్యంగా చదువొచ్చినవాడికి ఒక రోగముంటుంది. అచ్చులో ఏం కనబడినా లోపల భయపడతాడు, పైకి మాత్రం అంతా తెలిసినట్టు తలాడిస్తాడు. నాకా రోగం ముదిరి ఉండేది.

మా సెంటరుకు కాలేజీలో లెక్కలు చెప్పే మేడమ్ ఒకరు తన పీహెచ్‌డీ గ్రంథం టైపు చేయించుకోవడానికి వచ్చేవారు. గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి తప్పితే రిజిస్ట్రేషన్ రద్దు, చదివిందంతా ఏట్లో పోసినట్టే. మర్నాడు పొద్దున రైలెక్కి విశ్వవిద్యాలయంలో ఇచ్చి రావాలి. ఆ మధ్యాహ్నం ఆవిడ క్లాసుకు పోతూ, ఆఖరి అధ్యాయం ప్రింటు తీసిపెట్టమని నాకు చెప్పి, కాపలాకు వాళ్లమ్మను కూర్చోబెట్టారు. (కాపలా కాగితాలకా, నాకా అని నేను అడగలేదు.)

ఆ తల్లిని నేను పెద్దమ్మ అనేవాణ్ణి. ఆమెది లారీలున్న ఇల్లు. అలాంటి ఇళ్లలో బండి నంబరు అంకెలన్నీ కూడితే ఎనిమిది రాకూడదు. ఎనిమిది శనిది. అట్లాంటి నంబరు బండిని వాకిట్లోకి కూడా రానివ్వరు. ఆమె ప్రింటు తిరగేస్తూ కుడి అంచున బ్రాకెట్లలో ఉన్న అంకెల దగ్గర ఆగింది. ఇవేమిటని అడిగింది. నేను మహా గొప్పగా చెప్పాను: ఈ సాఫ్ట్‌వేరు పేరు లేటెక్, లెక్కను వరుస కింద వరుసగా రాస్తే ప్రతి వరుసకూ దానంతటదే నంబరు వేసుకుంటూ పోతుంది, మనం చెయ్యి పెట్టే పనే లేదు అని.

"ఈడ ఎనిమిది ఉండాది గదప్పా," అంది పెద్దమ్మ. "నా బిడ్డ పని రెండుతూర్లు యాడ తగులుకునిందో ఇప్పుడు తెలిసె. తీసెయ్."

తీయడం నాకు తెలుసు. ఏ వరుసకు నంబరు వద్దో దాని చివర 'నోనంబర్' అని కొట్టమని మేడమే నేర్పారు. కొట్టి ప్రింటు తీశాను. ఆ వరుస నంబరు మాయమైంది. కింది వరుసకు ఎనిమిది వచ్చి కూర్చుంది. దానికీ కొట్టాను. ఎనిమిది ఇంకో మెట్టు దిగింది. అక్కడ ఆగి ఆలోచించాల్సింది. కానీ చేలో పడ్డ మేకను తరిమేటప్పుడు ఎవడు ఆగి ఆలోచిస్తాడు? పేజీ దాటింది, ఇంకో పేజీ దాటింది. "వదలొద్దప్పా," అంటూ పెద్దమ్మ నా వెనకే నిలబడింది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. చివరికి ఎనిమిది దూకడానికి వరుసే మిగల్లేదు. అధ్యాయం మొత్తంలో ఏడు తర్వాత ఒక్క నంబరూ లేదు. పెద్దమ్మ సంతోషపడి నాకు టీ తెప్పించింది.

ఆ టీ సగంలో ఉండగా మేడమ్ వచ్చారు. కాగితాలు చూశారు. నంబరు పోయిన వరుసను చూపుతూ 'ఫలానా సమీకరణం ప్రకారం' అని ఉన్న ప్రతిచోటా సంబంధం లేని అంకె. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. స్టూలు మీద కూర్చుని, "ఏం చేస్తివన్నా," అన్నారు, సావు కబురు విన్నట్టు. నేను వాళ్లమ్మ వైపు చూశాను. ఆమె జరిగింది చెప్పింది.

"అమ్మా, ఎనిమిది లేకుంటే తొమ్మిది యాడ నిలబడుతాది? ఇది లారీ కాదు."

"లారీ అయితే అమ్మి పారేస్తుంటి. నువ్వు కూతురివి. ఏం చేసేది?"

మేడమ్ నా పక్కన కూర్చుని ఒక్కో 'నోనంబర్' చూపిస్తుంటే నేను ఒక్కొక్కటే చెరిపేశాను. ఆఖరికి ఆ మొదటి వరుస ఒక్కటే మిగిలింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆ ఎనిమిది వచ్చి పడే వరుసలో ఏముందో చెప్తే గాని వదలనంది. తెర మీదున్నదంతా ఇంగ్లీషు కమాండ్ల గుంపు, ఆమెకు ఒక్క ముక్క తెలియదు.

మేడమ్ తెర మీదికి వంగి చూసి, "ఏమీ లేదమ్మా. అన్నీ కొట్టుకుని పోయి సున్నా అయితాది ఈడ," అన్నారు.

"సున్నానా? అట్లయితే ఉండనీ. సున్నాను శని మాత్రం ఏం పీకుతాడు, పనిలేక సుమ్మనే కూచుంటాడు."

ఆమె చెయ్యి వదిలింది. మేడమ్ నా వైపు ఒక్కసారి చూశారు. నేను చెరిపి, ప్రింటు నొక్కాను. మర్నాడు గ్రంథం రైలెక్కింది, ఆ తర్వాత పట్టా కూడా వచ్చింది. అదంతా సున్నా పుణ్యమేనని పెద్దమ్మ ఉన్నన్నాళ్లూ అందరికీ చెప్పింది. నేను పక్కనే ఉంటే సాక్ష్యం అడిగేది. నిజమేనని తలూపేవాణ్ణి.

ఆ వరుసను టైపు చేసింది నేనే. దాని అర్థం అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. కానీ అందులో సున్నా లేదని తెలుసు. చదువొచ్చాక నాలోని ఆ గొర్రెలవాడు సొంతంగా చదివి పట్టుకున్న మొదటి అబద్ధం అది. పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వదిలేశాడు. ఈ వయసులో వాణ్ణి తలుచుకుంటే నాకు కొంచెం ముద్దొస్తుంది.