తాజ్‌బీ ఇంటి ఇరానీ బొమ్మ

గద్వాల కోట దారిలో గాజులమ్మే తాజ్‌బీ వచ్చినవాళ్ల ముఖం చూడదు. చెయ్యి అందుకుని, బొటనవేలి కీలు నొక్కి, సైజు చెప్పేస్తుంది. ఆమె వెనక గోడంతా మాసినా ఒక నలుచదరం మాత్రం తెల్లగా ఉంటుంది. తాత కాలం నుంచి అక్కడ చట్రం కట్టిన ఒక ఇరానీ రంగుల బొమ్మ వేలాడేది: నీలం అంగీ తొడుక్కుని దానిమ్మ పండు పట్టుకున్న ఆడమనిషి. పండు పక్కనే, చిన్నప్పుడు తాజ్‌బీ అంటించిన కాటుక వేలిముద్ర. ఒకనాడు హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన "పురుగు పట్టిందమ్మా, బాగుచేయించి తెస్త" అని తీసుకుపోయాడు. మళ్లీ రాలేదు. మంచం పట్టిన తల్లి "తెచ్చిండా?" అని అడుగుతూ అడుగుతూనే పోయింది.

రెండువేల ఏడులో, కాలేజీలో చదివే తమ్ముడి కూతురు అల్ఫియా ఇంటర్నెట్ సెంటర్ నుంచి ఒక రంగుల కాగితం తెచ్చింది. దాని మీద, విలాయత్‌లో ఏదో మ్యూజియంలో ఉన్న ఆ బొమ్మే, కాటుక మరకతో సహా.

"కింద ఏం రాసిండ్రు?"

"ఎవరో దొర దానమిచ్చిండంట, ఫుప్పూ. అంతకు ముందు ఎవరిదో తెల్వదంట."

"తెల్వదా? నన్నడిగిండ్రా?"

"మనదేనని చిట్టీ రాద్దాం."

"ఏమని రాస్తవ్ బిడ్డా? దొంగలెత్తుకపోలే. నా చేతులతోటి నేనే దుప్పట్ల చుట్టి ఇచ్చిన."

అంతలో గాజులకు ఒకామె వచ్చింది. తాజ్‌బీ ఆమె చెయ్యి అందుకుని, కీలు నొక్కి, డజను ఆకుపచ్చవి తీసింది. అల్ఫియా వద్దనేలోపే ఆ కాగితాన్ని బొమ్మ ముఖం మీదుగా చించి, గాజులు అందులో చుట్టి ఇచ్చింది.

"జర పైలంగ పట్టుకపో అమ్మా," అంది.