సాయిబు హోటల్లో తలకాయ ముక్క

చేపలు వండినప్పుడు తలకాయ ముక్క నాకు వేయొద్దని పెళ్లైన కొత్తలోనే నా భార్యకు చెప్పాను. ముళ్లు గుచ్చుకుంటాయని సాకు. ఆమె నమ్మింది. అసలు సంగతి చెప్పే ధైర్యం ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు.

ఇబ్రహీంపట్నం వారపు అంగడి చివర ఒక సాయిబు హోటల్ ఉండేది. హోటల్ అంటే ఏముంది, తాటాకు కప్పు, రెండు బల్లలు, ఒక పొయ్యి. పెద్దచెరువు కొర్రమట్ట చేపలు తెచ్చి ముందురోజే మట్టి చట్టిలో పులుసు కాచి, పొద్దున్నే సద్దన్నంలో పోసి పెట్టేవాడు. నిలవ ఉన్న పులుసు ముక్కలోకి దిగి, ఆ చల్లటి అన్నంతో కలిస్తే ఉండే రుచి తింటేనే తెలుస్తుంది. మా అమ్మ వంటకన్నా బాగుండేది. ఆ మాట ఆమె ముందు అనలేదు గానీ, నిజం అదే.

అంగడి నాడు తుర్కయాంజాల్ నుంచి బండి కట్టుకొని వచ్చి, కూరగాయలు దించగానే అక్కడికే పోయేవాణ్ణి. అదీ దొడ్డిదారిన. సాయిబు చేతి అన్నం తిన్నానని తెలిస్తే మావాళ్లు కులంలోంచి వెలేస్తారు. నాలాంటి వాళ్ల కోసమే ఆయన వెనకవైపు గోనెసంచులతో తెర కట్టాడు. పళ్లెం ముట్టకుండా మోదుగాకు విస్తరిలో తినేవాళ్లం. ఆకులో తింటే అంటు లేదని మాకు మేమే చెప్పుకున్నాం. అన్నం వండింది ఎవరో కడుపుకు తెలియదన్నట్టు! ఆయన నవ్వేవాడు.

"తిను బేటా, నీ కులమేం నా చట్టిల పడలే" అంటూ తలకాయ ముక్క నాకే వేసేవాడు. కొత్తవాళ్లకు తోక, పాతవాళ్లకు నడుము, మనసుకు నచ్చినవాళ్లకు తల. ఆ హోటల్ రివాజు అది.

అవి గొడవల రోజులు. ఒక పొద్దున నేను తెర వెనక తింటుండగా నిజాం తుపాకులవాళ్లు నలుగురు వచ్చారు. పులుసు గిరాకీల కోసం ఉంచానన్నందుకు సాయిబును తుపాకీ మడమతో భుజం మీద కొట్టి, చట్టి లాక్కొని వాళ్లే తోడుకు తిన్నారు. పోతూ పోతూ ఆ చట్టిని తన్ని పగలగొట్టారు. గోనె సందులోంచి అంతా చూశాను.

ఆ తర్వాత పోలీస్ యాక్షన్ అయింది. మిలిటరీ వచ్చింది. నిజాం మనుషులను కూర్చోబెట్టి మేపాడని ఎవరో చెబితే సాయిబును అంగడి నడుమ నిలబెట్టారు. ఆఫీసరు మాటను పట్వారీ జనానికి తెలుగులో చెప్పాడు. "ఈయన ఇష్టంతోని పెట్టిండా, కొడితే పెట్టిండా? చూసినోళ్లుంటే చెప్పుండ్రి."

ఎవరూ కదల్లేదు. సాయిబు నా వైపు చూశాడు, ఒక్కసారే. నా పక్కన మామ నిలబడి ఉన్నాడు. నాకు పిల్లనిస్తానన్న మామ. లగ్గం వచ్చే నెలలో. సాయిబుల ఇంట్లో నీళ్లు తాగినవాడి గడప కూడా తొక్కనని నలుగురిలో చెప్పుకునే మనిషి.

పట్వారీ కళ్లు నా మీద పడ్డాయి. "ఏం పిలగా, నీ బండి ఎప్పుడు గా హోటల్ దగ్గర్నే ఇడుస్తవ్ గద. నువ్వేమన్న చూసినవా?"

చూశానంటే, నువ్వు అక్కడ ఏం చేస్తున్నావని మామ అడుగుతాడు.

"నాకేం తెల్వదు. గా హోటల్లకు నేనెన్నడు పోలే" అన్నాను. గొంతు కాస్త వణికినా ఇప్పుడు ఇంత సిగ్గుండేది కాదేమో. వణకలేదు.

పట్వారీ నమ్మనట్టు సాయిబు వైపు తిరిగాడు. "నిజమేనా?"

"అవ్ సాబ్. గీ పిలగాడు నా హోటల్ల ఎన్నడు అడుగు పెట్టలే" అన్నాడు సాయిబు.

ఆ మాటతో నా లగ్గం నిలబడింది. ఆయన్ని లారీ ఎక్కమన్నారు. దెబ్బతిన్న భుజం లేవక, పట్టు దొరక్క రెండుసార్లు జారాడు. చేయి అందించడానికి కూడా నేను కదల్లేదు. నా అంత పిరికివాణ్ణి నేను మళ్లీ చూడలేదు.

కొన్ని నెలలకు వదిలిపెట్టారు. హోటల్ మళ్లీ తెరిచాడని విన్నాను. ఎన్నో అంగళ్లు తప్పించుకు తిరిగి, చివరికి ఒక పొద్దున పోయాను. ఈసారి ముందు నుంచే. ఆయన సగమైపోయాడు. వెనక తెర లేదు. బల్లల దగ్గర ఒక్క మనిషీ లేడు. అడగాల్సిన క్షమాపణ దారి పొడవునా అనుకుంటూ వచ్చాను.

"చాచా, నేను..." అన్నాను.

"రా పటేలా, కూసో" అన్నాడు. అంతకుముందు ఎన్నడూ నన్ను పటేలా అనలేదు. "కొత్తగ వచ్చినట్టున్నవ్. కారం జర ఎక్కువుంటది, తింటవా?"

విస్తరి వేసి సద్దన్నం పెట్టాడు. గరిటెతో చట్టిలో వెతికి, పైకొచ్చిన తలకాయను పక్కకు జరిపి, తోక ముక్క వేశాడు.