అత్తకు కళ్లయి నేను చెప్పిన అబద్ధం

ఒక ముసలి పిల్లి విషయంలో ఆడిన అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నర్సుగా ఎన్నో చావులు చూశాను. చాలా వరకు మరిచిపోయాను. ఇదొక్కటి పోలేదు. ఎందుకు పోలేదో తెలుసుకోవాలనే మీకు రాస్తున్నాను.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏడాది అది. నేను మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. మా మేనత్త పుంగనూరులో ఒంటరిగా ఉండేది. బడిలో పంతులమ్మగా చేసి మానుకుంది. రెండు కళ్లకూ పొరలు కమ్మాయి. ఆమెకు తోడు బొగ్గు అనే నల్లపిల్లి. పదిహేనేళ్లది. ఏడాదిగా జబ్బు. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు, ఎముకలు తేలాయి. రెండు రోజులు మూలన పడుకునేది. ఇక అయిపోయిందనుకునేసరికి, తోక ఎత్తుకుని వచ్చి కాళ్లకు రాసుకునేది. అలాంటి ప్రాణికి ఆఖరి రోజు ఏదని ఎలా చెప్పడం?

ఆదివారం ఆదివారం బస్సులో వెళ్లి, రోగిని చూసినట్టే దాన్ని చూసేదాన్ని. అంత నీరసంలోనూ గుర్రుమనేది. సుఖం వల్లనా, లేక నొప్పిని ఓర్చుకోవడానికా? నాకు అది పెద్ద వింత. ఇప్పటికీ తెలియదు.

అత్తే ఒక మాట అనుకుందామంది. బొగ్గు పాలు ముట్టని రోజు నేను చూసి చెప్పాలి. ఆ రోజు మందిచ్చి పంపేయాలి. అంతవరకు మందు జోలికి పోకూడదు. అందుకు ఆసుపత్రిలో అడిగి చిన్న సీసాలో క్లోరోఫాం తెచ్చి ఉంచాను.

అంతలో నన్ను కుప్పం మార్చారు. సోమవారం చేరాలి. అక్కణ్నుంచి వారం వారం రావడం కుదరదు. నేను లేనప్పుడు అది ఏ నొప్పితోనో అరుస్తుంటే, కళ్లు కనిపించని మనిషి ఏం చేస్తుంది?

ఆ చివరి ఆదివారం, అత్త పెరట్లో ఉండగా పాలు పోశాను. బొగ్గు వచ్చింది. ఆగి ఆగి, అన్నీ తాగింది. గిన్నె అడుగు కూడా నాకింది. నేను గిన్నె కడిగి, మళ్లీ నిండా పోశాను.

అత్త లోపలికి వచ్చింది. “తాగిందామ్మా?”

“ముట్టలేదత్తా.”

కింద కూర్చుని గిన్నెలో వేలు ముంచింది. పాలు అంచుదాకా తగిలాయి.

“రాత్రి నా పక్కనే పండుకోనుండె కదమ్మా! బాగుండాది అనుకుంటి.” చాలాసేపు వేలు అలాగే ఉంచింది. “నువ్వు సూసినావు కదా. అట్లయితే ఇంక సాలు. నా ఒళ్లో పెట్టు.”

బొగ్గు ఆమె ఒళ్లో గుర్రుమంది. క్లోరోఫాంలో తడిపిన దూది ముక్కు దగ్గర పెట్టాను. ఒక్కసారి పెనుగులాడింది. ముందుకాళ్లను అత్తే పట్టుకుంది.

కుప్పం వెళ్లాక నన్ను నేనే ప్రశ్నించుకోవడం మొదలుపెట్టాను. జాలితోనే చేశానా? లేక డ్యూటీ దిగేముందు మిగిలిన పని ముగించినట్టు, ఊరు వదిలేముందు ఒక పని ముగించానా? ఇంకో మూడు రోజులకే అది నరకం పడేదేమో. ఇంకో నెల ఎండలో పడుకునేదేమో. మందివ్వడం తప్పో కాదో తేల్చుకోలేను. కానీ నా అనుకూలానికి రోజు ఎంచుకుని, ఆ రోజును ఆమే ఎంచుకున్నట్టు నమ్మించాను. కనబడని కళ్లకు బదులు నన్ను నమ్మిన మనిషి చేత, ఆమె బిడ్డలాంటిదాని కాళ్లు పట్టించాను. ఇది తప్పు. ఇందులో సందేహం లేదు.

నేను సరిగ్గా చూసి చెప్పానని, లేకుంటే అది యాతన పడేదని, అత్త అందరికీ చెప్పుకునేది. నిజం చెబుదామని రెండుసార్లు పుంగనూరు వెళ్లాను. ఆమె ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతత చెడుతుందని నోరు మెదపలేదని నాకు నేనే చెప్పుకున్నాను. అదీ నిజమేనా? నా మంచిపేరు చెడుతుందనేమో.

రెండేళ్లకు అత్త పోయింది. క్షమించే హక్కున్న మనిషి లేదు కాబట్టి క్షమాపణ అడగను. మీకు రాసి, ఒకరికైనా చెప్పాను. ఇంతకాలానికి ఊపిరి కాస్త కిందిదాకా దిగుతోంది.