నేలమాళిగలో పలకని రేడియో

పాత రేడియోకి ఒక మంచి గుణం ఉండేది. స్టేషను అందకపోతే గుర్రుమనేది, బుస కొట్టేది. నెత్తిన ఒక్కటి మొట్టితే దారిలోకి వచ్చేది. కొత్త డిజిటల్ రేడియోకి ఆ బాధ లేదు. అందితే గంట కొట్టినట్టు పలుకుతుంది, అందకపోతే నోరు మూసుకుంటుంది. ఆ రెండింటికీ మధ్య ఏమీ ఉండదని మడతక్కకు ముందే తెలిసుంటే, ఆ రోజు దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలిసేది.

ఆసుపత్రి కింద నేలమాళిగలో బట్టలు ఉతికే విభాగం. పై వార్డుల దుప్పట్లన్నీ అక్కడికి దిగుతాయి. నెత్తురు మరకలతో, మందుల వాసనతో దిగినవి ఉతికి, పిండి, వేడి రోలర్ల మధ్య నుంచి ఇస్త్రీ అయి బయటికొస్తాయి. ఆ కొసన నిలబడి మడతపెట్టేది ఆమె. అందుకే మడతక్క. ఆమె మడిచిన దుప్పటి అంచుకు అంచు అతికించినట్టుంటుంది. ఆ పనిలోనే జుట్టు నెరిసింది, వేళ్ళ కణుపులు వాచాయి, గొంతు తగ్గింది. రోలర్ల హోరులో మాట్లాడినా వినపడదు కనుక మాట్లాడటం తగ్గించుకుంది.

మడిచినవి మూటలు కట్టి పైకి పంపుతారు. మూట మీద పేరు రాయరు, ఎవరి ముడి వాళ్ళది. మడతక్కది రెండు చెవుల ముడి. పక్క రోలరు దగ్గర పనిచేసే బొంగురుది రెండు మెలికలు తిప్పి కొసలు లోపలికి దోపే ముడి. చల్లటి నీళ్ళు తాగి తాగి గొంతు పోయిందని ఆమెకు ఆ పేరు. పైన మూటలో తువ్వాలు తగ్గితే ఆయమ్మలు ముడి చూసి, "ఇది బొంగురుదే, పిలవండి దాన్ని" అనేవాళ్ళు. ఒకరి ముడి ఇంకొకరు కట్టరు. అది వాళ్ళ మర్యాద.

మడతక్క చెల్లెలు కూడా అక్కడే పనిచేసేది. రోలరు మీదికి తడి దుప్పటి ఎక్కించే పని. రోలరు ముందు ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి తగిలితే మిషను ఆగిపోవాలి, దాని పని అదొక్కటే. అయితే దుప్పటి ముడత తగిలినా ఆగుతుంది. ఆగితే వేడి దిగాలి, మళ్ళీ ఎక్కాలి, లోడు వెనకబడుతుంది.

"ఊరికే ఆగుతుంటే నా పీక మీదికొస్తోంది. కట్టెయ్యండమ్మా దాన్ని" అన్నాడు మేస్త్రీ ఒకరోజు. చిరిగిన దుప్పటి పీలికతో మొదటి రోలరు కడ్డీని తనే కట్టి చూపించాడు. మిగతావి ఆడవాళ్ళ చేత కట్టించాడు. ఆ మాట ఆ గదిలో వినని చెవి లేదు.

ఒక మధ్యాహ్నం చెల్లెలి జాకెట్టు చెయ్యి దుప్పటితో పాటు లోపలికి వెళ్ళింది. కడ్డీ ఆపలేదు. ఎలా ఆపుతుంది, కట్టేసి ఉంది కదా.

పీలిక ఆమే కట్టుకుందని, పని త్వరగా ముగించుకోవాలన్న అత్యాశతో ప్రాణం మీదికి తెచ్చుకుందని యాజమాన్యం ప్రకటించింది. చచ్చిపోయినవాళ్ళు ఎదురు చెప్పరు. కనుక తప్పు మోయడానికి వాళ్ళకన్నా అనువైన భుజాలు దొరకవు. ఏ కార్ఖానా చూసినా, ఏ గని చూసినా ఇదే వరస. ప్రమాదం జరిగిన గంటలోనే తప్పు కిందికి దిగడం మొదలుపెడుతుంది, అందరికంటే కింద ఉన్న మనిషి దగ్గర ఆగుతుంది.

చెల్లెలి కూతురిని మడతక్క తన ఇంటికి తెచ్చుకుంది. ఒకసారి బడి నుంచి వచ్చి సంచి కూడా దించకుండా అడిగింది ఆ పిల్ల.

"పెద్దమ్మా, మా అమ్మ మిషను పాడుచేసి చచ్చిపోయిందా?"

"ఎవరన్నారే?"

"అందరూ."

"అందరికీ ఏం తెలుసు? విచారణ జరుగుతోంది. పెద్దాయన వచ్చి అందర్నీ అడుగుతున్నాడు. ఆయన చెప్తాడు మీ అమ్మ తప్పు లేదని. ఊరంతా వినేట్టు చెప్తాడు."

అప్పటి నుంచి మడతక్కకు కావలసింది ఆ ఒక్క మాట. తప్పు ఆమెది కాదు అన్న మాట. అది ఎవరో చెవిలో ఊదితే చాలదు, నలుగురి ముందూ గట్టిగా పలకాలి.

విచారణ అధికారి ఒక్కొక్కరినీ విడిగా గదిలోకి పిలిచి అడిగాడు. మడతక్క ఉన్నదంతా చెప్పింది. మేస్త్రీ అన్న మాట, మొదటి పీలిక, అన్నీ. తర్వాత బొంగురు వెళ్ళింది. తర్వాత కళ్ళజోడు వెళ్ళింది. దళసరి అద్దాలు పెట్టుకుని మరకలు ఏరే పెద్దావిడ ఆమె. బయటికొచ్చాక బొంగురు మడతక్క భుజం మీద చెయ్యేసింది.

"చెప్పాం అక్కా. నువ్వు దిగులు పడకు."

మడతక్క నమ్మింది. పక్కపక్కనే నిలబడి చెమటలు కక్కినవాళ్ళను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతుంది?

నివేదికను అధికారి మధ్యాహ్నం పన్నెండింటికి చదువుతాడని, దాన్ని పట్టణ రేడియో నేరుగా వినిపిస్తుందని తెలిసింది. సరిగ్గా అన్నాల వేళ. కానీ ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో వేసి రావాలి. గోడ పైపుకి తీగతో కట్టి ఉన్న పాత రేడియో ఏమో కొన్నాళ్ళుగా గుర్రుమనడం తప్ప మాట్లాడటం లేదు. పాత ప్రసారాలు ఆపేశారు, ఇకమీద అన్నీ డిజిటలేనట.

"కొత్తది కొందాం. తలా కొంత వేసుకుందాం" అంది బొంగురు. అందరికంటే ముందు కొంగు ముడి విప్పింది కూడా ఆమే.

రేడియో అరచేతికి కాస్త పెద్దది. మడతక్క దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఛార్జింగు పెట్టింది. దానితో వచ్చిన పుస్తకంలో చాలా భాషలున్నాయి, వాళ్ళది లేదు. బొమ్మలు చూసుకుంటూ ఏరియల్ పూర్తిగా లాగి, కిటికీలో పెట్టి, స్కాన్ బటన్ నొక్కి పట్టుకుంది. చిన్న తెర మీద గీత మెల్లగా పాకింది. స్టేషన్ల పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చి కూర్చున్నాయి. పట్టణ రేడియో దొరకగానే ఒకటో నంబరు నొక్కి పట్టుకుంది. అది గుర్తుపెట్టుకున్నట్టు కూతేసింది. ఎవరో పాడుతున్నారు. పక్క గదిలో కూర్చుని పాడినంత శుభ్రంగా ఉంది.

"ఎంత బాగుందో పెద్దమ్మా! రేపు ఇందులోనే చెప్తారా?"

"ఇందులోనే."

"నేనూ వస్తా."

"నిన్ను గేటు దాటనివ్వరు. నేను విని వచ్చి చెప్తాగా, అక్షరం పోకుండా."

మర్నాడు అన్నాల వేళకు రోలర్లు ఆగగానే ఆడవాళ్ళంతా బల్ల చుట్టూ చేరారు. డబ్బాలు ఎవరూ తెరవలేదు. మడతక్క రేడియోని బల్ల మధ్యలో పెట్టి ఒకటో నంబరు నొక్కింది. తెర వెలిగింది. పట్టణ రేడియో అని పేరు కూడా వచ్చింది. శబ్దం రాలేదు.

"ఇంకా మొదలవ్వలేదేమో" అంది కళ్ళజోడు.

"పన్నెండు దాటింది" అంది మడతక్క.

"గుర్రు కూడా లేదేంటే? చచ్చిందా?" బొంగురు దాని నెత్తిన ఒక్కటి మొట్టింది. పాతదానికి ఎన్నేళ్ళుగానో ఇదే మందు. ఇది కిక్కురుమనలేదు.

"కొట్టకే, ఇది అలాంటిది కాదు."

"ఏదైనా రేడియోనే కదా అక్కా. ఆ వెతికే బటనేదో నొక్కు. ఇంట్లో అలాగే పలికిందన్నావుగా."

మడతక్కకూ అదే తోచింది. స్కాన్ బటన్ నొక్కి పట్టుకుంది. గీత పాకింది. నాలుగు వైపులా మందపాటి గోడలు, నెత్తిన ఆసుపత్రి బరువు. ఆ గుహలోకి ఏ తరంగమూ దిగదని ఆమెకు ఎవరు చెప్పారు? వెతికి వెతికి రేడియోకి ఏమీ దొరకలేదు. దొరకనివాటిని జాబితాలోంచి తీసేసింది. రాత్రి కిటికీలో కుదుర్చుకున్న పేర్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. తెర మీద సున్నా మిగిలింది.

"అయ్యో, అంతా పోయిందే!"

"పైకి పట్టుకెళ్దాం పద" అంది బొంగురు. రేడియోని కొంగులో చుట్టుకుని తనే ముందు పరిగెత్తింది.

బట్టల బండ్లు ఎక్కే దిగే వాలుదారి కొసన వెలుతురుంది. గది లోపలి నుంచి మేస్త్రీ అరిచాడు.

"ఎక్కడికమ్మా ఊరేగింపు?"

"గాలి పీల్చుకోడానికి బాబూ. అది కూడా నువ్వే పంచుతావా?" అంది బొంగురు ఆగకుండా. కొందరు నవ్వారు. ఆ రోజు వాళ్ళు నవ్వింది అదొక్కసారే.

వాలుదారి మీద మళ్ళీ ఏరియల్ లాగారు, మళ్ళీ నొక్కారు. గీత నత్తలా పాకుతుంటే మడతక్క దాని వంకే చూస్తూ పెదవి కొరుక్కుంది. పేర్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఎక్కడో పాట, ఎక్కడో ఒంటిసబ్బు ప్రకటన. ఆ తర్వాత చదివేవాడి గొంతు. అధికారిదే. చాలా స్పష్టంగా ఉంది.

"...రక్షణ కడ్డీని గుడ్డపీలికతో నిష్క్రియం చేసినది సదరు కార్మికురాలే అని భావించడమైనది. పర్యవేక్షకుని ఆదేశం మేరకే అలా చేశారన్న ఆరోపణను, మృతురాలి సోదరి మినహా, విచారించిన తోటి కార్మికులెవరూ ధ్రువీకరించలేదు. తమకు తెలియదని వారు ఏకగ్రీవంగా పేర్కొన్నారు. సోదరి రక్తసంబంధీకురాలు అయినందున..."

తర్వాత మాటలు వస్తూనే ఉన్నాయి. యాజమాన్యం భద్రతా శిక్షణ పెంచాలట. గోడల మీద హెచ్చరిక బొమ్మలు అతికించాలట.

ఎవరూ మడతక్క వంక చూడలేదు. కళ్ళజోడు అద్దాలు తీసి కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. ఏరియల్ పట్టుకుని నిలబడ్డ బొంగురు చెయ్యి అలాగే ఉంది, దించితే పాపమన్నట్టు.

"తెలీదన్నారా?" అంది మడతక్క.

బొంగురు వైపు తిరిగింది.

"నిన్నే అడుగుతున్నా. తెలీదన్నావా?"

"తెలీదన్నానంతే అక్కా" అంది బొంగురు. ఆ గొంతు మరీ కీచుమంది. "ఆమే కట్టుకుందని నేను చెప్పలేదు. నా పిల్లల మీద ఒట్టు, చెప్పలేదు. తలుపు దగ్గర మేస్త్రీ నిలబడ్డాడు. నేను చెప్పకపోయినా మిగిలినవాళ్ళు చెప్తారులే అనుకున్నా."

"నేనూ అలాగే అనుకున్నా" అంది కళ్ళజోడు.

అందరూ అలాగే అనుకున్నారు. ఒక్కొక్కరు పక్కవాళ్ళ ధైర్యం మీద ఆనుకుని నిలబడ్డారు, ఆ పక్కన ఎవరూ లేరు. అధికారి పిరికివాళ్ళను పిలిచి ప్రశ్నలు అడగలేదు. పిరికితనం ఎలా పుడుతుందో తెలిసి, యజమాని కట్టిన గదిలో, యజమాని మనిషిని తలుపు దగ్గర నిలబెట్టి అడిగాడు. ఆ సంగతి నివేదికలో ఉండదు.

మడతక్క ఏరియల్ లోపలికి నెట్టి రేడియో బొంగురు చేతిలో పెట్టింది.

"మీ అందరిదీ. ఉంచుకోండి."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిల్ల గుమ్మంలోనే ఉంది.

"పలికిందా పెద్దమ్మా?"

"పలికింది."

"ఏమంది?"

అక్షరం పోకుండా చెప్తానని మాటిచ్చింది. మడతక్క చెప్పులు విప్పింది, కాళ్ళు కడుక్కుంది, మంచినీళ్ళు తాగింది. పిల్ల కదల్లేదు.

"మీ అమ్మదే తప్పన్నారు."

"నువ్వు కాదన్నావు కదా!"

"ఇప్పుడూ కాదనే అంటున్నా."

"రేడియోలో చెప్పారు కదా మరి. ఊరంతా విన్నారు."

ఊరంతా వినాలని కోరుకున్నది మడతక్కే. పిల్ల లోపలికి వెళ్ళి సంచి సర్దుకుంది. ఆ రాత్రి పెద్దమ్మ పక్కన కాకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున మడతక్క అందరికంటే ముందు వెళ్ళింది. చెల్లెలి రోలరు మీద ఇప్పుడు బొంగురు పనిచేస్తోంది. దాని కడ్డీకి పీలిక ఉంది. విప్పి చెత్తడబ్బాలో పడేసింది. పని మొదలయ్యాక ముడత తగిలినప్పుడల్లా మిషను ఆగింది. ఆగినప్పుడల్లా మేస్త్రీ వచ్చి అరిచాడు. బొంగురు తలవంచుకుని మళ్ళీ నడిపింది. కొత్త రేడియోని ఎవరో పైపు మీద పెట్టారు. తెర వెలుగుతోంది, శబ్దం లేదు.

అన్నాలు తిని వచ్చేసరికి రోలరు ఆగకుండా తిరుగుతోంది. మడతక్క వెళ్ళి చూసింది. కడ్డీకి కొత్త పీలిక. రెండు మెలికలు, కొసలు లోపలికి దోపి ఉన్నాయి.

"ఇది నీ ముడే కదే" అంది.

"నాదే అక్కా." బొంగురు తడి దుప్పటి విదిలించి అంచు పట్టుకుంది. జాకెట్టు చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని ఉంది.

"లోపలికెళ్ళేది నీ చెయ్యేనే."

బొంగురు తలెత్తలేదు. దుప్పటి అంచు రోలరుకి అందించింది.

"వస్తోంది అక్కా. ఆ కొసకెళ్ళి పట్టుకో."