కొలవని కోణం

కమలాపురం బడిలో లెక్కల సార్ ఉమామహేశ్వర బోర్డు మీద రెండు గీతలు గీసి, వాటిని కోస్తూ ఒక వాలుగీత లాగుతాడు. అది రెండింటితోనూ ఒకే వైపు, ఒకే స్థానంలో సమాన కోణాలు చేస్తే ఆ రెండూ సమాంతరాలు. "కంటికి కనబడితే చాలదు, కొలిచి చూపాలప్పా" అనేవాడు ఒకప్పుడు. ఆ మాట పట్టుకుని గోపీ అనే విద్యార్థి రైలు పట్టాల దగ్గరికి పోయాడు. వంగి కొలుస్తూ, రైలొచ్చేది గమనించలేదు. అక్కడ దొరికిన అతని కోణమానిని ఇప్పుడు సార్ చొక్కాజేబులో ఉంటుంది. పాఠం చెబుతూ దాని వంపును బొటనవేలితో తడుముతుంటాడు. ఉదాహరణకు కిటికీ ఊచలే చూపిస్తాడు.

నిన్న క్లాసులో పవిత్ర లేచింది. "రైలు పట్టాలు కూడా అంతే కదా సార్? సాయంత్రం పోయి కొలుచుకోనొస్తా."

"వద్దు తల్లీ."

"కొలవకుంటే ఎట్ల నమ్మేది సార్?"

ఆయన చేయి జేబు మీదికి పోయింది. "కంటికి కనబడతాండాయి కదా. అది చాలు."